మినహాయింపుల పట్టిక

మా యింట కంప్యూటరు ప్రవేశించి ఏడేండ్లు దాటినది. 2018లో విజయవాడలో కొని, హైదరాబాదు పోయే బస్సులో తెచ్చి, చిల్లకల్లు వద్ద దిగి, అక్కడి నుండి జగ్గయ్యపేటకు ఆటోలో ఒడిలో పెట్టుకొని వచ్చాము. అబ్బా వాకిట నిలబడి ఉండి, "పసిబిడ్డను తెచ్చినట్లు తెస్తున్నావే!" అని నవ్వారు. మొదటి మూడు నాలుగేండ్లు ఆ యంత్రము మాకు ఏ కష్టమూ కలిగించలేదు. ప్రశ్నపత్రాలు, హాజరు పట్టికలు, విద్యార్థుల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ఈ వార్షిక సంచికకు మేము కూర్చే తెలుగు పుటలు, అన్నీ దానిమీదనే నడిచినవి.

2025 వేసవి నాటికి దాని నడక మారినది. తెల్లవారుజామున మీట నొక్కి, వజూ చేసుకొని, నమాజు ముగించి, చాయ తాగి వచ్చి కూర్చున్నా తెరమీద చుక్కల వలయము తిరుగుతూనే ఉండేది. ఒక్క అక్షరము కొట్టితే అది తెరమీదికి వచ్చేలోగా తరువాతి మాట మరచిపోయేవారము. లోపలి పంకా మాత్రము, ఏ పనీ చెప్పకపోయినా, మిరప కళ్లంలో తూర్పారబట్టినట్లు హోరెత్తుతూ ఉండేది.

రోగము వచ్చినదంటే చాలు, మన ఊళ్లో ప్రతివాడూ హకీమే. ఎండ వల్ల అని ఒకరన్నారు. మా మెట్టప్రాంతపు ఎండ సంగతి తెలిసినవారు ఆ మాట కొట్టివేయలేరు. సిమెంటు దుమ్ము వల్ల అని మరొకరన్నారు. పెట్టె విప్పి చూస్తే నిజంగానే పంకా రెక్కల మీద అంగుళము మందాన బూడిదరంగు పొర. దానిని తుడిచాము. కొంచెము చల్లబడినది, వేగము మాత్రము రాలేదు. మూడవవారు "యాంటీవైరస్ లేకపోవటమే" అన్నారు. ఉన్నది. యంత్రముతోపాటు కొన్నది ఒకటి, గడువు తీరినా గుమ్మము వదలకుండా కూర్చునే ఉన్నది. దానిని తీయకుండానే ఉచితముగా దొరికే మరొకదానిని దించాము. ఒక గుమ్మానికి ఇద్దరు కావలివాండ్రయినారు. లోపలికి వచ్చే ప్రతి కాగితాన్నీ ఇద్దరూ లాక్కొని చూడటము, ఒకరి సంచి నొకరు సోదా చేయటము, ఇంటివారిని మాత్రము వాకిట నిలబెట్టటము. ఆ పిమ్మట, సిగ్గు విడిచి చెప్పుచున్నాము, తెరమీద మెరిసిన ఒక ప్రకటనను నమ్మి "వేగము పెంచే" సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా దించాము. అది రెండు నిమిషాలలో మా యంత్రమున పన్నెండు వందల చిల్లర దోషాలున్నవని ఎర్ర అక్షరాలతో లెక్క తేల్చి, వాటిని తీయుటకు రొక్కమడిగినది. సంతలో నాడి చూడకుండానే నూటొక్క రోగాలు చెప్పి మూలికలమ్మేవాడిని మేము ఎన్నడూ నమ్మలేదు. తెరమీద కనబడేసరికి ఎట్లు నమ్మితిమో!

అన్నింటికన్న చేటు తెచ్చిన సలహా ఒకటున్నది. "లోపల బరువు ఎక్కువైంది, ఫైళ్లు తీసేయండి" అన్నారు. తీసివేశాము. పాత పాఠాలు, ఫొటోలు, "అబ్బా" అని పేరు పెట్టిన సంచిక, అన్నింటిని పెన్‌డ్రైవులోనికి మార్చి యంత్రము నుండి తొలగించాము.

ఆ సంచికను గురించి చెప్పవలసి ఉన్నది. అబ్బా నందిగామలో కచేరీల ముందు చెట్టు క్రింద కూర్చుని దాదాపు నలభై యేండ్లు అర్జీలు వ్రాశారు. ఉర్దూ చదువుకొన్న చేయి, తెలుగు వ్రాసిన చేయి. అర్జీల తెలుగులో సగము మాటలు తమ యింటివేనని ఆయనకు ఒక చిన్న గర్వము. జామీను, జప్తు, తనఖా, దస్తావేజు, వకాల్తా, తకరారు, ఫైసలా, బకాయి, వసూలు, రాజీనామా. ఇటువంటి మాటలు నాలుగు వందలకు పైగా రెండు లెక్కల పుస్తకాలలో వ్రాసుకొన్నారు. ప్రతి మాటకు ప్రక్కన ఉర్దూ లిపిలో దాని మూలరూపము, క్రింద, ఏ అర్జీలో ఏ రైతు కొరకు ఎట్లు వాడినదీ రెండు పంక్తులు. 2019, 2020 సంవత్సరాలలో ఆయన చదువుతుండగా మేము కంప్యూటరులో ఎక్కించాము. 2021లో ఆయన కన్నుమూశారు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన వానలు ఈ ప్రాంతమువారు మరువరు. ఆ నీళ్లలో మా యినుప పెట్టె తడిసి రెండు పుస్తకాలూ ముద్దలయినవి. కనుక మిగిలినది కంప్యూటరు ప్రతి యొక్కటే. ఆ ఒక్క ప్రతిని మేము బరువు తగ్గించుటకని బొటనవ్రేలంత పెన్‌డ్రైవులో పెట్టుకొని తిరిగినాము.

2025 అక్టోబరులో, ఆ మాటలలో ఒక యాభై ఏరి ఈ సంచికలో అచ్చువేయుదమని, ఆ పెన్‌డ్రైవు తీసికొని నందిగామలో మేము ఎప్పుడూ పోయే డి.టి.పి. దుకాణమునకు పోయాము. అతడు పెట్టి చూసి, ఏదో తెరచుకొనుట లేదని తిరిగి యిచ్చినాడు. ఇంటికి వచ్చి చూస్తే ప్రతి సంచిక బొమ్మ మీద మూలన చిన్న బాణము గుర్తు. పరిమాణము రెండు కిలోబైట్లు. నొక్కితే ఏమీ లేదు. "అబ్బా" మీద నొక్కినాము. ఏమీ లేదు. ఆ రాత్రి మా యింట అన్నము ఎవరికీ సయించలేదు. అప్పుడు దుకాణదారునకు ఫోను చేసి నాలుగు మాటలు అన్నాము. నీ యంత్రములోని రోగము మా పెన్‌డ్రైవుకు ఎక్కించినావని, ఊరందరి పెన్‌డ్రైవులు పెట్టుకొనే చోట శుభ్రత ఉండవలదా అని, అధ్యాపకులకు అలవాటైన గొంతుతో మందలించాము. అతడు "చూస్తాను మాస్టారూ" అని మాత్రము అన్నాడు.

మరునాడు మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చినాడు. డిగ్రీ మా వద్దనే చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేయుట వృత్తిగా పెట్టుకొన్నాడు. ఇతడు రెండవ సంవత్సరములో ఉండగా, లోపలి పరీక్షలో చేతి చాటున చీటీ పట్టుకొని, "ఇకమీదట ఇట్లు చేయను" అని వ్రాయించుకొని వదలిపెట్టినవారము మేమే. ఆ సంగతి అతడు మరచినాడని అనుకొనుచుంటిమి.

"ముందు ఏదీ నొక్కకండి సార్. ఫార్మాట్ అసలు చేయకండి" అన్నాడు. అంతకు ముందురోజే ఒకరు ఫార్మాట్ చేయుమని చెప్పియున్నారు. చేసియుంటిమి కూడ, చేతులు వణకకపోయినచో. అతడు మా యంత్రములో కాక తాను తెచ్చిన లాప్‌టాపులో పెన్‌డ్రైవు పెట్టినాడు. నల్లని తెరమీద "ఆట్రిబ్" అనే ఆజ్ఞ నొకదానిని కొట్టినాడు. బాణము గుర్తున్న బొమ్మలు బూటకములట. అసలు సంచికలు ఎక్కడికీ పోవు, వాటికి "దాచబడినవి" అనే గుర్తు తగిలించి, వాటి పేర్లతో ఈ నకిలీలను ముందు నిలబెడుతుందట ఈ పురుగు. నకిలీని నొక్కినప్పుడు రోగము మొదట నడచి, ఆపై అసలు సంచిక తెరచుకోవలెను. రోగము సగము చెడియున్నచో అదీ తెరచుకోదు. ఆజ్ఞ ముగియగానే మా సంచికలు ఒక్కొక్కటిగా తెరమీదికి వచ్చినవి. "అబ్బా" నాలుగవది. మా శ్రీమతి తలుపు చాటు నుండి "అల్‌హమ్దులిల్లాహ్" అన్నది వినబడినది.

అక్కడితో అయిపోయినదనుకొన్నాము. అతడు మాత్రము క్రొత్త పెన్‌డ్రైవు నొకదానిని సంచిలో నుండి తీసి, దానిలో రెండు ఖాళీ సంచికలు చేసి, మాకు చూపించి, మా యంత్రమునకు గుచ్చినాడు. అయిదు నిమిషాలు కాలేదు. రెండు సంచికలకూ బాణము గుర్తులు వచ్చినవి.

"షాపులో ఎక్కిందనుకుంటున్నారు కదా సార్. ఇక్కణ్ణుంచే అక్కడికి పోయింది."

మేము మాటాడలేదు. నిన్నటి ఫోను మాటలన్నీ చెవిలో తిరిగి వినబడుచుండెను.

తరువాత అతడు పంకా హోరు సంగతి చూచినాడు. టాస్క్ మేనేజరు అనే పట్టిక ఉన్నది, ఏ ప్రోగ్రాము ఎంత పని చేయుచున్నదో అందులో కనబడును. దానిని తెరవగానే హోరు తగ్గినది. మూయగానే మళ్లీ హోరు. మూడుసార్లు చేసి చూపినాడు. పోలీసువాడి లాఠీ చప్పుడు వినగానే పేకముక్కలు చాప క్రిందికి తోసినట్లున్నది. ఎక్కడో కూర్చున్న ఎవరి లాభము కొరకో డిజిటల్ నాణెముల లెక్కలు చేసిపెట్టే దొంగ ప్రోగ్రాములు ఇటువంటి యెత్తు వేయుననీ, ఆ పట్టిక తెరచినంతసేపు పని మాని కూర్చుండుననీ చెప్పినాడు. కరెంటు బిల్లు మాది, ఎండ మాది, యంత్రము మాది, కూలి మరొకరిది.

ఇద్దరు కావలివాండ్రుండగా ఇదంతా ఎట్లు సాగినది? ఇదే మేము అడిగినది. అతడు జవాబు చెప్పకుండా ఒక చిన్న పరీక్ష చేసినాడు. యాంటీవైరస్ మెలకువగా ఉన్నదో లేదో చూచుటకు ప్రపంచమంతటా వాడే అరవై యెనిమిది అక్షరాల వరుస ఒకటున్నది. ఐకార్ అను ఐరోపా సంస్థ పేరు మీద చలామణి అగుచున్నది. దానిలో ఏ విషమూ లేదు. కాని ప్రతి యాంటీవైరసూ దానిని చూడగానే వైరస్ అని కేక వేయవలెనని ఒప్పందము. ఆ అరవై యెనిమిది అక్షరాలను ఒక ఫైలుగా మా యంత్రములో పెట్టినాడు. ఇద్దరిలో ఒక్కడూ కిక్కురుమనలేదు.

అప్పుడు అమరికలలో లోపలికి, ఇంకా లోపలికి పోయి ఒక పట్టిక తెరచినాడు. మినహాయింపుల పట్టిక. ఇందులో వ్రాసిన చోట్లను యాంటీవైరస్ చూడదు. చూడవద్దని యజమాని ఆజ్ఞ. గడువు తీరినదాని సంగతి సరే, రెండవదాని పట్టికలోనూ, విండోసువారి సొంత కావలి పట్టికలోనూ ఒకే ఒక్క పంక్తి ఉన్నది. సి డ్రైవు. మొత్తము.

"సార్, ఇది... మీరు పెట్టిందేనా?"

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి విన్నవించవలెను. తెలుగు డి.టి.పి. లోకము ఏండ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచినది. ఉర్దూ లోకము ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వారి ఇన్‌పేజి మీద నడిచినది. రెండింటికీ ధర ఉన్నది. ఆ ధర చెల్లించి కొన్నవారు మా యెరుకలో బహు కొద్దిమంది. 2022 ఆగస్టులో మా యంత్రమున తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ మొరాయించగా, ఒక మిత్రుడిచ్చిన తాళము పగులగొట్టిన ప్రతిని ఎక్కించాము. దానితోపాటు ఒక చిన్న కాగితమువంటి ఫైలున్నది. మొదట యాంటీవైరస్ ఆపుము, తరువాత సి డ్రైవును మినహాయింపులలో చేర్చుము, ఆ తరువాతనే దీనిని నడుపుము అని క్రమముగా వ్రాసియున్నది. మేము క్రమముగానే చేశాము. ఆపై దించిన క్రొత్త యాంటీవైరస్‌కు కూడ, అది మా దొంగ ప్రతిని జప్తు చేయగా, అదే ఆజ్ఞ యిచ్చి విడిపించుకొన్నాము. దొంగ మేడ మీదినుండి దిగలేదు. తలుపు గడియ మేమే తీసి, కావలివానితో "అటు చూడకు" అని చెప్పి లోనికి పిలిచినాము.

"పెట్టినది మేమే" అన్నాము. అతడు తల వంచి పని చేసికొన్నాడు. చీటీ సంగతి అతడు ఎత్తలేదు. ఎత్తియున్న బాగుండునని ఆ క్షణమున అనిపించినది.

ఈ వ్యవహారములో చరిత్ర చేసిన ఒక వేడుక కూడ ఉన్నది. ఐ.బి.ఎం. తరహా వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన మొదటి వైరస్ "బ్రెయిన్". 1986 జనవరిలో పుట్టినది. పుట్టినది లాహోరులో. వ్రాసినవారు బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు. తాము వ్రాసిన వైద్య సాఫ్ట్‌వేరును జనము దొంగప్రతులు తీయుచున్నారని, అట్టివారిని పట్టుకొనుటకు ఈ యుపాయము పన్నితిమని వారు చెప్పుకొన్నారు. ఆ వైరసులో తమ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడ వ్రాసిపెట్టినారు. నేటి దొంగలకు ఆపాటి మర్యాద లేదు. ఫ్లాపీ డిస్కుల తొలిభాగములో కూర్చుండి, డిస్కు నడకను మందగింపజేసెడిది. ఫ్లాపీల వెంట సముద్రాలు దాటి అమెరికా చేరినది. అంటే ఈ వంశవృక్షమునకు మొదట నీళ్లు పోసినది దొంగప్రతియే. ఇన్‌పేజి వాడే మా ఉర్దూ శాఖవారు మరొకటి కూడ తెలిసికొనవలెను. 2016 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థవారు ఇన్‌పేజి పత్రములోనే పొంచియుండి, తెరవగానే లోనికి చొరబడే దాడి నొకదానిని బయటపెట్టినారు. 2018లో మైక్రోసాఫ్ట్ వారు కూడ ఇటువంటిదానిని వివరించినారు. గజల్ వంటి అమాయకపు పత్రమని తెరచుటకు వీలులేని కాలము వచ్చినది.

యాంటీవైరస్ పని తీరును కూడ ఆనాడే కొంత తెలిసికొన్నాము. ఎరిగిన నేరస్థుల వేలిముద్రల పుస్తకము ఒకటి దాని దగ్గర ఉండును. ప్రతి ఫైలును ఆ ముద్రలతో పోల్చును. పుస్తకము రోజురోజూ క్రొత్త పుటలు తెచ్చుకొనవలెను, గడువు తీరినది పాత పుటలతోనే కూర్చుండును. ముద్ర లేని క్రొత్తవారిని నడవడిని బట్టి అనుమానించును. ఈ రెండవ పద్ధతిలో నిరపరాధులు కూడ చిక్కుదురు. మా యంత్రమున ఉర్దూ కీబోర్డు కొరకు సక్రమముగా దించుకొన్న చిన్న ప్రోగ్రాము ఒకటి, ఏ పాపమూ ఎరుగనిది, అంతకుముందెప్పుడో జప్తులో పడియున్నది. పోలికను బట్టి అనుమానించుట ఎంత సులువో, అనుమానింపబడినవాడు నిర్దోషినని చూపుకొనుట అంత కష్టము. ఇది మాకు కంప్యూటరు చెప్పగా తెలిసిన సంగతి కాదు.

ఇక చికిత్స. ముందుగా ఇంటర్నెట్ తీగ తీసివేసినాడు. సెర్ట్-ఇన్ వారి ఆధ్వర్యమున 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా ఇచ్చే శుభ్రపరచు సాధనమును నడిపి కొన్నింటిని తీసినాడు. కాని మూడేండ్లు ఇంట తిరిగిన దొంగ ఎన్ని తాళపుచెవులు చేయించుకొన్నాడో లెక్క చెప్పలేమనీ, పత్రాలు మాత్రము తీసికొని మొత్తము తుడిచి క్రొత్తగా ఎక్కించుటయే నమ్మదగిన దారియనీ అన్నాడు. హార్డ్‌డిస్కు ఆరోగ్యము చూచినప్పుడు అది కూడ అక్కడక్కడ చెడియున్నదని తేలినది. ఆ విధముగా మందగింపులో ఒక పాలు దుమ్ము, ఒక పాలు పోట్లాడుకొనే కావలివాండ్రు, ఒక పాలు ముసలి డిస్కు. దొంగ వంతు మేము భయపడినంత లేదు. ఊరిలో హకీములు చెప్పినవన్నీ కొంచెము కొంచెము నిజమే!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు సరిగా ఆ నెలలోనే, 2025 అక్టోబరు 14న ముగిసినది. మా యంత్రము తరువాతి దానికి అర్హము కాదు. కనుక డిస్కు మార్చి, చలనమే లేని ఎస్.ఎస్.డి. బిగించి, ఉబుంటు ఎక్కించినాడు. ఉచితము, న్యాయముగా ఉచితము. ఇప్పుడు మీట నొక్కి కళ్లజోడు తుడుచుకొనేలోగా సిద్ధమగుచున్నది.

ఆ తరువాతి ఆదివారము నందిగామకు పోయాము. దుకాణదారుడు తన యంత్రమును కడుగుటకు ఒక పూట పట్టినదనీ, రెండు పెండ్లి పత్రికలు ఆలస్యమైనవనీ చెప్పినాడు. తప్పు మాదేనని చెప్పాము. "పోనీలెండి మాస్టారూ, తెలిసి చేశారా ఏమన్నానా?" అన్నాడు. ఆ మాటకు అవుననీ కాదనీ అనలేక, అతడు తెప్పించిన చాయ తాగి వచ్చాము.

మిగిలినది అబ్బా మాటలను యూనికోడులోనికి మార్చుట. తెలుగు లిపికి యూనికోడులో 1991 నుండే చోటున్నది. సిలికానాంధ్ర వారు వెలువరించిన మండలి, సూరన్న, రామభద్ర వంటి ఖతులు ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. పాత ఫాంట్లలో అక్షరము అక్షరముగా ఉండదు. ఇంగ్లీషు గుర్తుల చోట కూర్చున్న తెలుగు బొమ్మ మాత్రమే. ఫాంటు లేని యంత్రములో అది పిచ్చిగీతలగును. మార్పిడి ప్రోగ్రాము ఎంత మంచిదైనా వత్తులు చెదరును, ఒకరి క్రిందిది మరొకరి క్రిందికి పోవును. అందుచేత నాలుగు వందల మాటలను ఒక్కొక్కటి సరిచూడవలసి వచ్చినది. ఉర్దూ రూపాలను మా ఫూఫీకి ఫోనులో చదివి వినిపించి ఖాయపరచుకొన్నాము. సాయంత్రాలు ఆ పూర్వ విద్యార్థి కూడ వచ్చి ప్రక్కన కూర్చునేవాడు.

ఒకనాడు "ము" వరుసలో ఒక మాట వత్తు తప్పి, చదువ వీలులేకుండా వచ్చినది. అబ్బా ఉదాహరణను బట్టి దానిని సరిచేసి "ముచ్చలిక" అని కొట్టాము.

"అంటే ఏంటి సార్?"

"ఇకమీదట ఇట్లు చేయనని కచేరీలో వ్రాసి యిచ్చే కాగితము" అన్నాము.

అతడు కొంచెము సేపు తెరవైపు చూచి, నవ్వు ఆపుకొనలేక, "నేను మీకు ఒకటి రాసిచ్చాను సార్" అన్నాడు.

ఆ కాగితము మా బీరువాలో ఇంకను ఉన్నదో లేదో వెదకలేదు. ఆ రాత్రి "అబ్బా" సంచికకు మూడు ప్రతులు తీశాము. ఒకటి మా యింట, ఒకటి నందిగామలో ఫూఫీ యింట, మూడవది అతని చేతికే యిచ్చాము.